ఛార్జింగు కేంద్రములు ఎచ్చట నుండవలెను?

(ఒక పట్టణ గ్రంథాలయ సభలో న్యాయవాది యొకరు గావించిన ఉపన్యాస పాఠము)



విద్యుచ్ఛక్తితో నడచు కారులను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు కోరితిరి. ఆ కారులు మంచివా, చెడ్డవా యను వాదమును నేనిచ్చట ఎత్తను. అవి వచ్చియే యున్నవి. 2024వ సంవత్సరములో మన దేశమున సుమారు ఒక లక్ష విద్యుత్ కారులును, పదునొకండు లక్షలకు పైగా విద్యుత్ ద్విచక్ర వాహనములును రోడ్డెక్కినవి. వచ్చినవానికి మేత ఎచ్చట పెట్టవలెననునదియే నేటి ప్రశ్న. ఎద్దును కొనువాడు గడ్డివామి ఎచ్చట వేయవలెనో ముందు చూచుకొనును. మనము ఎద్దును తోలుకొని వచ్చిన పిమ్మట వామి స్థలమును గూర్చి తగవులాడుచున్నాము.

2024 డిసెంబరు నాటికి దేశమునందలి బహిరంగ ఛార్జింగు కేంద్రములు 25,202. వానిలో 5,765, అనగా అయిదింట ఒక వంతుకు మించి, కర్ణాటక రాష్ట్రమొక్కదానియందే యున్నవి. ఈ లెక్క చూచి మన రెండు రాష్ట్రములవారు చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. ఎన్ని పెట్టితిమన్నది రెండవ ప్రశ్న. ఎవరి కొరకు, ఎచ్చట పెట్టితిమన్నది మొదటి ప్రశ్న. ప్రజాధనము వెచ్చించుచున్నప్పుడు ఈ మొదటి ప్రశ్నను విడిచి రెండవదానికి సమాధానము చెప్పుట మన కార్యాలయములకు చిరకాలపు అలవాటు.

ముందుగా ఈ ఛార్జింగను పని యెట్టిదో విన్నవించెదను. పెట్రోలు పోయుటకు అయిదు నిమిషములు చాలును. విద్యుత్తు అట్లు పోయబడునది కాదు. మన మీటరు లెక్కలో 40 యూనిట్లు పట్టు బ్యాటరీ గల కారును తీసికొందము. ఇంటిలోని పదునైదు ఆంపియర్ల ప్లగ్గు గంటకు మూడు యూనిట్ల చిల్లర మాత్రమే ఈయగలదు. కారు నిండుటకు రాత్రియంతయు గడచి ప్రొద్దెక్కును. గోడకు బిగించు 7.4 కిలోవాట్ల పెట్టె అయిదారు గంటలలో ఆ పని చేయును. రహదారి ప్రక్కనుండు 60 కిలోవాట్ల యంత్రము అరగంటలో పాతిక యూనిట్ల వరకు ఎక్కించును. యూనిట్టుకు ఆరేడు కిలోమీటర్లు నడచు కారునకు అది నూటయేబది కిలోమీటర్ల గ్రాసము. వేగముగల యంత్రము మిక్కిలి ఖరీదైనది, నిదానపు పెట్టె చవుక. కావున స్థలనిర్ణయమునకు నాకు దోచిన కొలబద్ద దూరము కాదు, కాలము. కారు ఎచ్చట ఎంతసేపు ఊరక నిలుచును? రాత్రి తెల్లవార్లు నిలుచుచోట నిదానపు పెట్టెలు పది యుండవలెను. టిఫిను తినునంతసేపు నిలుచుచోట వేగపు యంత్రము కావలెను. ఊరక నిలువని చోట యంత్రమును పెట్టి మనిషిని నిలువబెట్టుట అతనిని శిక్షించుటయే యగును.

ఈ కొలబద్దతో చూచినచో పెట్రోలు బంకులపై మన ప్రభుత్వమునకు గల మక్కువ కొంత వింతగా దోచును. 2023 మార్చిలో మూడు ప్రభుత్వరంగ చమురు సంస్థలకు 7,432 కేంద్రముల నిమిత్తము 800 కోట్ల రూపాయలు మంజూరైనవి. రహదారి బంకులకు విశాలమైన స్థలమున్నది, దారి యున్నది, దీపమున్నది. ప్రక్కన హోటలు కూడ నున్నచో అంతకన్న కావలసినదేమి? కాని ఊరి నడుమనుండు బంకున, ఎండలో, నీడయైనను మరుగుదొడ్డియైనను లేని మూలలో, కారులో కూరుచుండి గంటసేపు ఎవడు కాచుకొనును? పెట్రోలు అమ్మినచోటనే కరెంటును అమ్మవలెననునది పాత అలవాటు చేసిన నిర్ణయమేగాని ఆలోచించి చేసిన నిర్ణయము కాదు.

ఇక ఎవరి కొరకు అను మాటకు వచ్చెదను. సొంత ఇల్లు, ఇంటి ముందు పోర్టికో, పోర్టికోలో ప్లగ్గు గలవానికి బహిరంగ కేంద్రముతో నిత్యము పనియే లేదు. ఎప్పుడో దూరప్రయాణము చేసినప్పుడు మాత్రమే అతడు దాని మొగము చూచును. ప్రతిదినము దాని యవసరము గలవాడు అద్దె ఇంటివాడు, పాత అపార్టుమెంటులో మూడవ అంతస్తువాడు, వీథిలో బండి నిలుపుకొనువాడు, అద్దెకు కారు నడపుకొని బ్రతుకు డ్రైవరు. వీరికి బహిరంగ కేంద్రము అలంకారము కాదు, ఇంటి ప్లగ్గునకు మారుగా నున్న ఏకైకాధారము.

న్యాయవాదిని గనుక ఇచ్చట చట్టపు మాట యొకటి చెప్పక తీరదు. 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు కరెంటు అమ్మరాదు. మరి ఛార్జింగు కేంద్రమువాడు చేయునది అమ్మకమా, సేవయా? 2018 ఏప్రిలులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ అది సేవయే, కావున లైసెన్సు అక్కరలేదని స్పష్టపరచెను. మేలే జరిగినది, ఎవడైనను కేంద్రము తెరువవచ్చును. కాని ఆ మాటకే రెండవ అంచు ఒకటి కలదు. కరెంటునకు జి.ఎస్.టి. లేదు, సేవకు కలదు. 2023లో కర్ణాటకమునందలి ముందస్తు నిర్ణయ పీఠము బహిరంగ ఛార్జింగుపై 18 శాతము పన్ను చెల్లవలసినదేయని చెప్పెను. ఫలితమేమనగా, తన పోర్టికోలో ఛార్జి చేసికొను ధనికుడు ఆ పన్ను కట్టడు, వీథిలో ఛార్జి చేసికొను అద్దె ఇంటివాడు కట్టును. బంగళా మీటరునకు లేని సుంకము బాడుగ డ్రైవరునకు ఏల? ఈ ప్రశ్నకు నేనింతవరకు సరియైన సమాధానము వినలేదు.

అపార్టుమెంటుల తగవులు నావంటివారి యొద్దకు వచ్చుచునే యున్నవి. తన మీటరు నుండి తన పార్కింగు గడి వరకు తీగ లాగుకొందునని ఒకడనును. మంటలు పుట్టునని సంఘమువారందురు. సెల్లారులోని ప్లగ్గునకు తాళము పడును. 2019లో సవరించిన నమూనా భవన నిబంధనలు క్రొత్త కట్టడములలో పార్కింగునందు 20 శాతమునకు ఛార్జింగు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నవి. అది రేపటి భవనముల మాట. పాత భవనముల వారికి 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములు అక్కరకు వచ్చును: వాహనముల ఛార్జింగు నిమిత్తము ప్రత్యేక కనెక్షను కోరుకొను హక్కు వానిచే సంక్రమించినది. ఈ సంగతి నూటికి పదిమందికైనను తెలియునా యని నా సందేహము. ఒక్కొక్క అపార్టుమెంటు ఈ హక్కును వినియోగించుకొన్నచో ఒక్కొక్క వీథి కేంద్రపు భారము తగ్గును.

అయినను వీథి కేంద్రములు కావలసినవే. ఎచ్చట? 2018లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు, నగరమును మూడేసి కిలోమీటర్ల గళ్ళుగా విభజించి గడికొక కేంద్రమైనను ఉండవలెననెను. 2024 మార్గదర్శకములు ఆ గడిని 2030 నాటికి కిలోమీటరునకు కుదింపవలెనని చెప్పినవి. 2007లో ఏర్పడిన నాటి గ్రేటరు హైదరాబాదు విస్తీర్ణము సుమారు 650 చదరపు కిలోమీటర్లు. మొదటి లెక్కకు అది డెబ్బది రెండు గళ్ళు, రెండవ లెక్కకు ఆరువందలయేబది. చదరంగపు బల్లవలె చూచుటకు ఎంతయో సొంపుగా నున్నది. కాని ఈ గడికి కన్నులు లేవు. జూబిలీహిల్సునందలి గడికి ఒకటి, కూకటుపల్లియందలి గడికి ఒకటి! మొదటిచోట ఇంటింటికి పోర్టికో యున్నది. రెండవచోట ఇరుకు వీథుల వెంబడి అద్దె వాటాలు, వసతిగృహములు క్రిక్కిరిసి యున్నవి. గడి నియమమును కనీసమని తలచి, అటుపైన ఇచ్చు ప్రతి కేంద్రమును పోర్టికో లేని ఇండ్ల లెక్క చూచి ఈయవలెను. ఆస్తిపన్ను పుస్తకములు గల పురపాలక సంఘమునకు ఈ లెక్క తీయుట కొండను త్రవ్వుట కాదు.

లండను నగరమున వెస్టుమినిస్టరు ప్రాంతపు సదర్లాండు వీథిలో 2020లో ఇరువదినాలుగు దీపస్తంభములకే ప్లగ్గులు అమర్చిరి. అచ్చటి ఇండ్లకును వాకిట పోర్టికోలు లేవు. కారులు రాత్రియంతయు వీథిలోనే నిలుచును. స్తంభమునకు కరెంటు ముందే యున్నది. క్రొత్త స్థలము అక్కరలేదు, గొప్ప యంత్రము అక్కరలేదు. మన వీథి స్తంభములపై తీగల అల్లిక చూచినవారు నవ్వుదురేమో! ముందు ఆ అల్లికను సరిచేయవలసినదే. కాని వారి ఆలోచనలోని వివేకము మనకును పనికివచ్చును.

నగరము విడిచి రహదారికి పోదము. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి మీలో చాలమందికి ఇంటి గడపవంటిది. చౌటుప్పలు, నకిరేకల్లు, సూర్యాపేట, కోదాడ, నందిగామ. మొత్తము దాదాపు 270 కిలోమీటర్లు. నేను చెప్పిన 40 యూనిట్ల కారు నిండుగా బయలుదేరినను నిశ్చింతగా బెజవాడ చేరజాలదు; త్రోవలో ఒకసారి ఆగవలెను. 2018 మార్గదర్శకములు రహదారికి ఇరువైపుల 25 కిలోమీటర్లకొకటి, 2024వి 20 కిలోమీటర్లకొకటి అని కొలత పెట్టినవి. కొలత మంచిదే. కాని జనము 20 కిలోమీటర్లకొకసారి ఆగుదురా? బస్సుల కాలము నుండియు సూర్యాపేటలో ఆగుచున్నారు. అది దారికి సగము. కాఫీ, భోజనము, మరుగుదొడ్డి అచ్చటనే యున్నవి. అచ్చట ఒకే ఆవరణలో పది గన్నులు పెట్టుట, అయిదు పొలముల ప్రక్కన రెండేసి గన్నులు పెట్టుటకంటె మేలు. ఏలయన పదింటిలో ఒకటి చెడినచో తొమ్మిది మిగులును. రెండింటిలో ఒకటి చెడినచో సగము పోవును. అదిగాక, ముందున్న కేంద్రము ఖాళీగా నున్నదో లేదో తెలియక తెగించి ముందుకు సాగవలసిన గతి పట్టదు.

సంక్రాంతి ముందు పంతంగి టోల్ గేటు వద్ద వాహనముల బారు చూచినవారికి నేను చెప్పబోవునది సులభముగా బోధపడును. గేటు దాటుటకు నిమిషము పట్టని వాహనములే అంతటి బారు తీరినచో, ఒక్కొక్కటి అరగంట పట్టు వాహనముల గతి యేమి? ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని, చిన్నపిల్లలతో, కారులో మిగిలిన పది శాతపు శక్తితో నడిరాత్రి వరుసలో నిలుచు గృహస్థుని తలచుకొనుడు. ఏడాదిలో మూడు వందల దినములకు సరిపడు లెక్కతో రహదారి కేంద్రములు కట్టినచో పండుగనాడు అవి పరాభవము పాలగును. ఆ ఒక్కనాటి పరాభవముతో పదిమంది పెట్రోలు కారునకే మరలుదురు. పండుగ దినములలో కోదాడ, నందిగామలందు బండిపై తెచ్చి నిలుపు తాత్కాలిక యంత్రములనైనను ఏర్పాటు చేయవలెను.

ఇంతవరకు నేను చెప్పినచోట్లకు నేడు కాకున్న రేపు వర్తకుడు వచ్చును. లాభము కనబడుచోట అతనిని పిలువనక్కరలేదు. ప్రభుత్వ ధనము ముఖ్యముగా పోవలసినది అతడు రాని చోటికి. గుత్తికి సమీపముననున్న ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. వానిలో రెండవ శిలాశాసనము బాటల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతిని తెలుపుచున్నది. అవి మనుష్యులకును పశువులకును ఉపయోగించుటకట. బేరము సాగు సంతలో బావి త్రవ్వుటకు చక్రవర్తి అక్కరలేదు.

శ్రీశైలమును చూడుడు. హైదరాబాదు నుండి పోవువారు మన్ననూరు దాటిన పిమ్మట నల్లమల అడవిలో ప్రవేశింతురు. రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరు వరకు ఆ అటవీమార్గమున వాహనములను పోనీయరు. పోయివచ్చు దూరము నాలుగు వందల కిలోమీటర్లు మించును. పైగా ఘాటు ఎక్కునప్పుడు శక్తి విశేషముగా ఖర్చగును. దిగునప్పుడు చక్రముల వేగమునుండియే కొంత తిరిగి బ్యాటరీలో చేరుననుట నిజమే గాని, ఎక్కిన ఖర్చంతయు రాదు. ఇచ్చట రెండు విధముల వసతి కావలెను. మన్ననూరులోను, అవతలి ప్రక్క దోర్నాలలోను వేగపు యంత్రములు. కొండపై సత్రముల యొద్ద మాత్రము నిదానపు పెట్టెలు విస్తారముగా. యాత్రికుడు రాత్రి అచ్చటనే పండుకొనును గదా! అతడు నిద్రించుచుండగా కారునకు ఆహారము ఎక్కును. వేగపు యంత్రమొక్కదాని ఖర్చుతో అట్టి పెట్టెలు ఎన్నో వచ్చును. మన పుణ్యక్షేత్రములన్నిటికిని ఇదియే పద్ధతి.

యాత్రికునికంటె గట్టి హక్కు గలవాడు మన్యమువాడు. అరకుకు సెలవులలో పోవు విహారి సౌఖ్యమునకై అనంతగిరి ఘాటుపై యంత్రము పెట్టుదురు సరే. పాడేరు ఆస్పత్రి ఆవరణలో ఏది? 1947లో స్వాతంత్ర్యము వచ్చునాటికి కరెంటు గల గ్రామములు దేశమంతటను సుమారు 1,500. గ్రామములన్నిటికిని కరెంటు చేరినదని ప్రకటించినది 2018 ఏప్రిలు 28న. తీగ మొదట పట్టణమునకు, అటుపిమ్మట పెద్ద గ్రామమునకు, కట్టకడపట కొండకు పోయినది. ఈ వరుసకు డెబ్బదియొక్క సంవత్సరములు పట్టినవి. ఛార్జింగు కేంద్రములను గూడ ఆ వరుసననే పంచుదమా?

అడవిలో పెట్టిన యంత్రము దినమునకు రెండు కారులు రాక తుప్పు పట్టును, ప్రజాధనము వృథా యగునని ఆక్షేపణ కలదు. ఇది తోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. వాడుక లేని యంత్రము నష్టమే. కావుననే అచ్చట గొప్ప యంత్రముల గుంపు వలదనుచున్నాను; ఒకటి రెండు చాలును, కాని అవి ఎల్లప్పుడు పనిచేయవలెను. నార్వే దేశమువారు ముందుగా ప్రభుత్వ సహాయముతో ప్రధాన రహదారులపై 50 కిలోమీటర్లకొక వేగపు కేంద్రము నిలిపిరి. ఉత్తరపు కొసనుండు ఫిన్‌మార్కు, లోఫోటెను దీవులు మాత్రము ఆ తొలి పంపకమున మిగిలిపోయినవి. మిగిలిన రహదారులపై ధైర్యము చిక్కి జనము కారులు కొనిరి, వర్తకులు వెంట వచ్చిరి. 2024లో అచ్చట అమ్మిన క్రొత్త కారులలో నూటికి దాదాపు తొంబది విద్యుత్ కారులే. పన్ను రాయితీలు మున్నగు కారణములును దానికి కలవు. అయినను దారిలో నిలిచిపోమను నమ్మకము లేనిదే రాయితీ చూచి ఎవడును కారు కొనడు.

పటముపై స్థలము గుర్తించుట సులభము. తీగ యొప్పుకొనవలెను గదా. మన వీథులలో సాధారణముగా గానవచ్చు ట్రాన్సుఫార్మరు 100 కె.వి.ఏ. సామర్థ్యము గలది. దానికి 60 కిలోవాట్ల యంత్రము నొక్కదానిని తగిలించినచో సగమునకు పైగా అదియే మ్రింగును. చుట్టునున్న ఇండ్ల పంకాలు నిలుచును, ఆ ఇండ్లవారు కారులవారిని తిట్టుదురు. అందుచేత వేగపు యంత్రములను సబ్‌స్టేషనునకు దగ్గరగా, ప్రత్యేక ట్రాన్సుఫార్మరుతో పెట్టవలెను. టెండరు పిలుచునాడే విద్యుత్ పంపిణీ సంస్థ ఇంజనీరును పిలువవలెను. యంత్రము వచ్చి, కనెక్షను రాక, గోనెపట్టా కప్పుకొని నిలిచిన కేంద్రమును మీలో కొందరు చూచియే యుందురు.

కడపట, పగటి మాట. 2024 మార్గదర్శకముల ప్రకారము ఉదయము తొమ్మిది మొదలు సాయంకాలము నాలుగు వరకు ఛార్జింగు కేంద్రమునకు ఇచ్చు కరెంటు వెల, సగటు సరఫరా వ్యయములో 0.7 వంతు, తక్కిన వేళలలో 1.3 వంతులు. సూర్యకాంతి విద్యుత్తు పగలు విస్తారముగా పుట్టుటయే దీనికి కారణము. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వద్దనే వేయి మెగావాట్ల సౌర క్షేత్రము కలదు. మరి పగలు తొమ్మిది మొదలు నాలుగు వరకు బండ్లు ఎచ్చట నిలుచును? కచేరీలలో, కళాశాలలలో, కలెక్టరు కార్యాలయములలో, ఆస్పత్రులలో, రైల్వేస్టేషనులలో. మా కోర్టు ఆవరణలో పదిన్నర నుండి అయిదు వరకు వందలకొలది బండ్లు ఎండలో మాడుచుండును. వకీళ్ళవి మాత్రమే కావు; గుమాస్తాలవి, వాయిదాలకు వచ్చిన రైతులవి, బంట్రోతులవి, అన్నిటికంటె ఎక్కువగా స్కూటర్లు. వానిపై సౌరఫలకల కప్పు వేసి, క్రింద నిదానపు ప్లగ్గులు నూరు పెట్టినచో నీడకు నీడ, శక్తికి శక్తి.

ధనము లేదందురా? 2024 అక్టోబరులో ఆరంభమైన 10,900 కోట్ల రూపాయల ప్రధానమంత్రి ఇ-డ్రైవ్ పథకమున ఛార్జింగు కేంద్రములకే 2,000 కోట్లు కేటాయించిరి. 2025లో వెలువడిన దాని నిబంధనలు ప్రభుత్వ కార్యాలయములు, ఆస్పత్రులు, విద్యాలయములందలి కేంద్రములకు, ప్రజలందరిని రానిచ్చు షరతుపై, నూటికి నూరు వంతుల సహాయము అనుమతించినవి. ఆ షరతును మాత్రము గట్టిగా పట్టుకొనవలెను. అధికారుల కారులకే గేటు తెరచు కేంద్రము బహిరంగ కేంద్రమనిపించుకొనదు.

మన పట్టణము విషయమై ఒక అర్జీ నమూనాను ఈ పఠనాలయపు బల్లపై ఉంచితిని. పురపాలక సంఘమునకు ఒక ప్రతి. ఆంధ్రప్రదేశములో నూతన, పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థకును, తెలంగాణములో పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థకును మరియొక ప్రతి పంపవలెను. అందులో కొన్ని గళ్ళు ఖాళీగా విడిచితిని: మీ వీథిలో రాత్రులు బయట నిలుచు వాహనములెన్ని, వానిలో ఆటోలెన్ని, దగ్గరి ట్రాన్సుఫార్మరు సామర్థ్యమెంత, నీడయు మరుగుదొడ్డియు గల బహిరంగ స్థలమేది. వీథికొక్కరు చొప్పున కాగితము తీసికొని, వచ్చు ఆదివారము లోపల పూరించి తెచ్చినచో, అన్నిటిని జతపరచి నేనే దాఖలు చేసెదను.